చదివి వినిపించగా విని

కోడలు గిన్నెలు తోముతోంది, అత్త కడిగి బోర్లిస్తోంది. పెరటి కొళాయి నుంచి నీళ్లు సన్నటి ధారగా వస్తున్నాయి. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో పొద్దుటి గిన్నెలు రెండు జతల చేతుల మధ్య మాటా పలుకూ లేకుండా సాగిపోతుంటాయి. ఈ నాలుగు నెలల నుంచే పని కొంచెం ఆలస్యమవుతోంది. తోమిన గిన్నె చేతికి అందగానే అత్త దాని వీపు మీది సబ్బు నురగలో చూపుడు వేలితో ఒక అక్షరం రాస్తుంది. కాసేపు తల వంచి చూసుకుంటుంది. అప్పుడు గానీ నీళ్ల కింద పెట్టదు.

"ఇది 'వ'నా, 'మ'నా అమ్మాయ్?"

"పక్కన కొమ్ముంటే 'మ' అత్తయ్యా."

"కొమ్ములున్నవన్నీ 'మ'లే అయితే మీ ఆఫీసు నిండా 'మ'లే ఉండాలి."

కోడలు నవ్వు ఆపుకోలేక పీచు జారవిడిచింది. ఆమె వయోజన విద్యా కేంద్రంలో పంతులమ్మ. పాత బడి వెనక గదిలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పద్నాలుగు మంది ఆడవాళ్లకి చదువు చెబుతుంది. ఆ పద్నాలుగు మందిలో అత్త కూడా ఒకతె. ఇంట్లో పెద్దరికం ఆవిడది, గదిలో కోడలిది. గుమ్మం మారినప్పుడల్లా ఇద్దరూ పెద్దరికం మార్చుకుంటారు. ఇప్పటిదాకా తగువు రాలేదు.

ఆమె భర్త ఫోను పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. బస్సు డ్రైవరు, ఇంకా డ్యూటీకి తయారవ్వలేదు. "మీ రూలుబద్ద. పొద్దున్నే కొలవడానికి బయల్దేరాడు" అని ఫోను భార్య చెవికి ఆనించాడు.

రూలుబద్ద అంటే విద్యాశాఖ ఆఫీసులో నిధులు చూసే గుమాస్తా. మనిషి సన్నగా, నిటారుగా ఉంటాడు. ఏ కాగితాన్నయినా నిబంధన పెట్టి కొలవనిదే ముందుకు పంపడు. అందుకని ఆ పేరు. "మీ దరఖాస్తులు వెనక్కి వచ్చాయి మేడమ్. ఒకసారి రండి" అన్నాడు. ఆ గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం విని ఆమెకి భయం వేసింది.

ఆఫీసులో అతని బల్ల మీద ఒక లావుపాటి పుస్తకం ఉంది. అట్ట మీద 'బడులు, కళాశాలలు, వయోజన విద్యా కేంద్రాలకు నిధుల మార్గదర్శకాలు' అని ఉంది. పక్కనే ఆమె పంపిన పద్నాలుగు దరఖాస్తులు, దారం కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

"మీ వాళ్లలో ఒక్కరు కూడా అర్హులు కారు" అన్నాడు.

"అదేంటండీ?"

అతను పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివాడు. "నమోదు తేదీ నాటికి తన పేరు సంతకం చేయగలిగిన వ్యక్తి అక్షరాస్యుడిగా పరిగణించబడును. అట్టి వ్యక్తిపై నిధులు విడుదల చేయరాదు." తలెత్తాడు. "మీవాళ్లు పద్నాలుగు మందీ సంతకాలు చేశారు."

చదువు చెప్పడంలో ఆమెది ఒక పద్ధతి. అందరిలా అ, ఆలతో మొదలుపెట్టదు. మొదటి రోజే ఎవరి పేరు వాళ్లకి రాసిచ్చి దిద్దిస్తుంది. సొంత పేరు వచ్చాక మిగతా అక్షరాలు చుట్టాల్లా వాటంతటవే ఇంటికొస్తాయని ఆమె నమ్మకం. ఖాళీ దరఖాస్తులు ఆఫీసు నుంచి కేంద్రం తెరిచిన నలభై రోజులకి వచ్చాయి. అప్పటికి అందరికీ పేరు వచ్చేసింది. ఆ మధ్యాహ్నం పాఠం మానేసి సంతకాలే చేయించింది. కూరగాయలమ్మే ఆవిడ సంతకం గడి దాటి, కాగితం దాటి, బల్ల మీదికి పోయింది. ఒకావిడ పెన్ను గట్టిగా నొక్కి కాగితానికి చిల్లు పెట్టింది. అందరూ పెళ్లిలోలా నవ్వుకున్నారు. ఆ సంబరంలో పంతులమ్మ పైన ఒక ఉత్తరం కూడా జతచేసింది.

ఆ ఉత్తరాన్నే రూలుబద్ద ఇప్పుడు ఆమె ముందుకి జరిపాడు. 'మా కేంద్రం దరఖాస్తులలో ఒక్క వేలిముద్ర కూడా లేదని సంతోషంతో తెలియజేస్తున్నాను.' పై అధికారి ఎవరో దాని కింద ఎర్ర సిరాతో గీత గీశారు.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆమె పిల్లప్పుడు బళ్లో వంద సార్లు రాసింది. దాని అర్థం ఇవాళ తెలిసింది.

"వాళ్లకి పేర్లు మాత్రమే వచ్చండీ. చదవడం ఇప్పుడిప్పుడే మొదలైంది. ఒత్తులు కూడా ఇంకా చెప్పలేదు. మందు సీసా మీద ఏం రాసుందో చదవలేరు. వీళ్లు అక్షరాస్యులా?"

"నేనన్నానా? పుస్తకం అంది." అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడండి మేడమ్. బడులకి తలలు లెక్క. కాలేజీలకి పాసైన తలలు లెక్క. మీ పెద్దవాళ్ల చదువుకి మాత్రం వేళ్లు లెక్క. మొదట్లో వేలిముద్ర ఉండాలి, చివర్లో సంతకం ఉండాలి. ఆ రెంటికీ మధ్య తేడాకే నిధులు. మీరు తేడా ముందే చూపించేశారు."

"మరి ఇప్పుడు?"

అతను సొరుగు లాగి పద్నాలుగు ఖాళీ దరఖాస్తులూ ఒక సిరా డబ్బా తీశాడు. డబ్బా అతని సొంతం, మూత మీద అతని పొడి అక్షరాలున్నాయి. "కేంద్రం తెరిచిన మొదటి రోజు తేదీ వెయ్యండి. వేలిముద్రలు తీసుకోండి. పన్నెండుకి తగ్గకూడదు. శుక్రవారం సాయంత్రం లోపల ఇవ్వండి. లేకపోతే సోమవారం నుంచి ఆ గది సామాన్ల గది."

"అబద్ధం కదండీ?"

"ఆ తేదీకి వాళ్లకి సంతకం వచ్చా?"

"రాదు."

"మరి అబద్ధం ఎక్కడుంది?" అన్నాడు. అని, అబద్ధం ఎక్కడుందో తనకీ తెలిసినట్టు కిటికీ వైపు తిరిగాడు.

గురువారం తరగతిలో ఆమె సంగతి చెప్పింది. ఎలా చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది కానీ, గదిలోకి వచ్చాక నాలుగు ముక్కల్లో అయిపోయింది. ముద్ర వేస్తే తరగతి ఉంటుంది, వేయకపోతే ఉండదు.

అందరికంటే ముందు కూరగాయలావిడే లేచింది. కాటా పట్టినంత నిక్కచ్చి మనిషి.

"టీచరమ్మా, సంతకం పెట్టిన రోజు నువ్వే కదా అన్నావు, ఇంక జన్మలో వేలు ముంచక్కర్లేదని?"

"అన్నాను పిన్నీ."

"మూడు నెలలకే జన్మ అయిపోయిందా?" అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "బొటనవేలు అడిగే గురువులు లోకానికి కొత్తేం కాదులే. నేను మాత్రం ఇవ్వను. మా ఆయన రోజూ ఎగతాళి చేసేవాడు, వేలిముద్ర మొహమా అని. ఆ మొహం కడుక్కుని మూడు నెలలైంది. మళ్లీ మసి పూసుకోలేను." పలకా పుస్తకం సంచిలో పడేసుకుని వెళ్లిపోయింది.

మిగతావాళ్లు వరసలో నిలబడ్డారు. తరగతి పోతుందన్న భయం కొందరికి, టీచరు మాట తీసెయ్యలేని మొహమాటం కొందరికి. "అడిగింది వేలే కదా, మెడ కాదుగా" అని ఒకావిడ హాస్యమాడింది. ముద్ర చెదిరితే ఆఫీసులో ఒప్పుకోరని పంతులమ్మ తనే ఒక్కొక్కరి వేలూ పట్టుకుని సిరాలో అద్ది, గడిలో నొక్కించింది. ముగ్గురి దాకా మొహాల్లోకి చూసి నవ్వగలిగింది. నాలుగో మనిషి నుంచి వేళ్లే చూసింది. ఉల్లిపాయ కోసిన వేలు, సూది గుచ్చుకున్న వేలు, సున్నం కొట్టి పగిలిన వేలు. ఎవరిదేదో తర్వాత ఆమెకే గుర్తు లేదు.

పదకొండు అయ్యాయి. ఒకావిడ కూతురి పురుటికి ఊరెళ్లింది. కూరగాయలావిడ వెళ్లిపోయింది. చివరి వరసలో మిగిలింది అత్త.

ఆమె డబ్బా పట్టుకుని దగ్గరికి వెళ్లింది. అత్త చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఇంటి దగ్గర చూద్దాంలే" అంది.

ఇంటికి నడుస్తుంటే సగం దారిలో అత్త నోరు విప్పింది.

"ఆసుపత్రి బట్టలుతికే చోట ఇరవై రెండేళ్లు చేశాను కదా. జీతాల రోజు అక్కడి గుమాస్తా తల ఎత్తేవాడు కాదు. చెయ్యి చాచేవాడు. ఆ చేతిలో మన వేలు పెట్టాలి. రబ్బరు స్టాంపు పట్టుకున్నట్టు పట్టుకుని, సిరాలో ముంచి, నొక్కి, వదిలేసేవాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు. బజార్లో ఎదురుపడితే పోల్చుకోలేకపోయాడు."

కోడలు కాగితాల సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"ఇవాళ నువ్వు పట్టుకుంటుంటే చూశాను. బాగా పట్టుకున్నావు. ఒక్క ముద్ర కూడా చెదరలేదు."

తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది కోడలికి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ కప్పా పామూ తనే.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. భర్త అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. పన్నెండో కాగితం బల్ల మీద ఉంది, పక్కన సిరా డబ్బా మూత తీసి ఉంది. పొద్దుటి నుంచి ఆ రెంటినీ తప్పించుకుంటూ ముగ్గురూ ఇంట్లో తిరిగారు.

"ఒక్క వేలే కదమ్మా" అన్నాడు కొడుకు. "నీ కోడలి ఉద్యోగం కూడా చూడాలిగా. రోజూ నేను బస్సెక్కించుకునే వాళ్లలో సగం మంది సంతకం వచ్చిన దొంగలే. సంతకంలో ఏముంది?"

"నువ్వూరుకో" అంది భార్య.

అత్త వచ్చి బల్ల ముందు కూర్చుంది. కళ్లజోడు పెట్టుకుంది. కోడలు డబ్బా ముందుకి జరిపింది. అత్త దాన్ని పక్కకి తోసి, కాగితం దగ్గరికి లాక్కుంది. గడి పైన ఉన్న సన్న అక్షరాల మీద చూపుడు వేలు పెట్టింది.

"నా... కు. చ, ద, వ, డం. చదవడం. రా... య... డం." వేలు ఆగింది. "రా... దు."

ట్యాపు కట్టేసి కొడుకు వెనక్కి తిరిగాడు.

"నాకు చదవడం రాయడం రాదు" అని అత్త మొదటి నుంచి ఒక్క గుక్కలో చదివింది. అంత పొడుగు వాక్యం ఎవరి సాయం లేకుండా చదవడం ఆవిడకి అదే మొదలు. తరగతిలో అయితే పంతులమ్మ చప్పట్లు కొట్టించేది. ఇప్పుడు ఆమె తన చేతుల్ని బల్ల కింద దాచుకుంది.

వేలు మళ్లీ కదిలింది. "పై... వి... ష... యా... లు. నాకు చదివి... విని... పిం... చ... గా. విని." అక్కడ చిక్కుకుంది. "ఇదేంటి? 'మ' కింద ఇంకోటి వేలాడుతోంది?"

"ఒత్తు అత్తయ్యా. ఇంకా చెప్పలేదు."

"ఏమని ఉంది?"

"సమ్మతించి."

"అంటే?"

"ఒప్పుకుని."

"ఓహో. ఒప్పుకునే దగ్గర నాకు చదువు ఆగిందన్నమాట." ఆవిడ కళ్లజోడు తీసి మడిచింది. "ఇది నువ్వు చదివావా?"

"చదివాను."

"నిన్న వాళ్లకి చదివి వినిపించావా?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

"మరి వినిపించినట్టే రాసుందే. అందులో పదకొండు మంది విన్నట్టు ముద్రలున్నాయి." గొంతులో కోపం లేదు. గిన్నె అంచున జిడ్డు ఉందని చూపించినట్టుగా చెప్పింది. "నాకైనా వినిపించు. ఒక్క కాగితమైనా నిజం కానీ."

"అత్తయ్యా, వద్దు. నేను వెళ్లి ఆయనకి చెప్పేస్తాను, పదకొండే వచ్చాయని."

"చెబితే?"

సోమవారం నుంచి సామాన్ల గది. ఇద్దరికీ తెలుసు. సున్నం కొట్టే ఆమె, సూదిపని చేసే ఆమె, వాళ్లంతా తరగతి ఉంటుందన్న నమ్మకంతో వేళ్లు ఇచ్చి వెళ్లారు. ఇప్పుడు ఆగితే వాళ్ల ముద్రలు కూడా దండగే.

"చదువు" అంది అత్త.

కోడలు కాగితం చేతికి తీసుకుంది. పాఠం చెప్పే గొంతు రాలేదు. ఏదో ఒక గొంతుతో చదివింది. "నాకు చదవడం, రాయడం రాదు. పై విషయాలు నాకు చదివి వినిపించగా విని, సమ్మతించి, నా ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశాను."

అత్త తరగతిలో కూర్చున్నంత శ్రద్ధగా, పెదాలు కదుపుతూ విన్నది. అయ్యాక డబ్బా తనే దగ్గరికి లాక్కుని, ఎడమ బొటనవేలు అద్దుకుంది. ఎక్కువైన సిరాని డబ్బా అంచుకి రాసింది. గడి మధ్యలో పెట్టి ఈ వైపు నుంచి ఆ వైపుకి ఒక్కసారి దొర్లించి ఎత్తింది. ఎవరూ పట్టుకోనక్కర్లేకపోయింది. గీతలన్నీ విడివిడిగా, తేటగా పడ్డాయి.

కొడుకు తువ్వాలు అందించాడు. ఆవిడ తీసుకోలేదు.

గోడ గడియారం రెండుకి పావు తక్కువ చూపిస్తోంది. "కాసేపట్లో బయల్దేరదాం అత్తయ్యా, ఇవాళ్టి నుంచే ఒత్తులు మొదలుపెడతాను" అంది కోడలు. తన మాట తనకే ఎక్కడో పక్కింట్లోంచి వినబడినట్టనిపించింది.

అత్త మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. కళ్లజోడు బల్ల మీదే ఉంది, పుస్తకం కిటికీలో ఉంది. వాటి వైపు చూడలేదు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టి, తలుపు గడియ కుడి చేత్తో తీసి, బయటికి వెళ్లిపోయింది.