ముగ్గు గీత మీద జమున

ఇటు జరిగి కూర్చోండి. చాటలు ఒళ్లోనే ఉండనీయండి, బీడీలు చుట్టుకోండి, నోళ్లు మాత్రం కట్టేయండి. తుమ్మేవాళ్లు ఇప్పుడే తుమ్మండి.

ఖానాపూర్‌లో జమున బీడీ చుడుతుంటే వేళ్లు కనపడేవి కావు. చాట మీద వాలిన ఈగకు కూడా దారం చుట్టి కట్టలో పెట్టేసేదట. అలాంటి చేతులకు వణుకు పట్టింది. దారం ఒకవైపు, వేలు ఒకవైపు. తంబాకు ఎగిరిపడితే వాడంతా తుమ్మేది. కాగజ్‌నగర్‌లో రైలు కూడా తుమ్మిందంటారు. నవ్వింది జనమే, జమున కాదు.

కరీంనగర్ డాక్టరు స్కానింగ్ చూసి చెప్పాడు. కరెంటు తీగ మీది తొడుగు ఊడినట్టు, తలలో నరాల మీది పొర ఊడుతోందట. మందులు ఆపొద్దు. కాలూ చెయ్యీ మళ్లీ చెప్పినమాట వినాలంటే కసరత్తు చేయాలి. ముందు కాలి మడమను వెనక కాలి బొటనవేలికి ఆనిస్తూ గీత మీద నడవాలి. కళ్లు మూసి చూపుడువేలితో ముక్కు ముట్టుకోవాలి.

బీడీలు చూసి తీసుకునే శ్రీహరి మాత్రం ఆగేటట్టు లేడు. "జమునక్కా, శనివారం గూడ గిట్లనే వంకర బీడీలు తెస్తే నీ జాగల ఇంకొకల్లను పెట్టుకుంట" అన్నాడు. మొగుడు పోయిన జమునకు ఆ చాట తప్ప దిక్కు లేదు.

శనివారం తెల్లవారుతూనే వాకిట్లో ముగ్గుతో గీత గీసి నడవసాగింది. జడ వేసుకోవడానికి చేతులు మాట వినవు గనుక జుట్టు విరబోసే ఉంది. ఊగుతోంది. కళ్లు మూసి ముక్కు వెతుక్కుంటోంది. పక్కింటి అనసూర్య తడిక మీంచి చూసింది.

"జమున మీదికి పోచమ్మ తల్లి వచ్చింది, రాండ్రి."

వాడంతా వేపమండలతో వచ్చింది. బిందెలకొద్దీ పసుపునీళ్లు పోశారు. "తల్లీ, మా పెద్దోడు దుబాయ్ నుంచి ఎప్పుడొస్తడు?" అని ఒకామె అడిగింది.

"నాకేం రాలేదక్కా. కసరత్తు జేస్తున్న. ఇడిసిపెట్టుండ్రి."

"తల్లి మొదలు గట్లనే అంటది" అని అనసూర్య ఇంకో బిందె కుమ్మరించింది.

ఆ గోల విని శ్రీహరి వచ్చాడు. చెప్పులు విడిచి తల వంచాడు. ఆ తల వంగడం జమున ఏనాడూ చూడలేదు. తడిసిన చీరలో వణుకుతూ, వేరే దారి కనపడక, గొంతు మార్చింది.

"నా బిడ్డ చాట గుంజుకుంటవారా?"

శ్రీహరి చెంపలు వేసుకున్నాడు. కానీ నొక్కి చూడనిదే బీడీ తీసుకోని మనిషి. "తప్పయింది తల్లీ. జమున పని జమునకే. గని నువ్వు నిజంగ తల్లివైతే, బోనం ఎత్తుకొని గీ గీత మీద నడిసి సూపెట్టు."

అనసూర్య అన్నం నింపిన బోనం కుండ తెచ్చి నెత్తిన పెట్టింది. మడమకు బొటనవేలు. మళ్లీ మడమ. ఎగిరే కాకులు కూడా రెక్కలు ఆపి గాల్లోనే నిలబడ్డాయి. గీత చివర కనపడుతోంది. శ్రీహరి చేతులు జోడించాడు. సరిగ్గా అప్పుడు తన ఎడమకాలు ఎక్కడుందో జమునకు తెలియలేదు.

కుండ పగిలి మెతుకులు ముగ్గులో కలిశాయి. పడ్డచోటే కూర్చుని, కళ్లు మూసుకుని, జమున మళ్లీ వేలెత్తి ముక్కు వెతికింది. చెవి తగిలింది.

శ్రీహరి చెప్పులు తొడుక్కున్నాడు. "రేపటినుంచి రాకు అక్కా" అని వెళ్లిపోయాడు.

వేపమండలు కిందికి దిగాయి. అరుగు మీది భూమవ్వ ఒక్కతే నిట్టూర్చింది.

"పాపం, పోచమ్మకు గూడ నరాల రోగం పట్టింది. జమునతోటే కరీంనగర్ తోలుండ్రి. ఇద్దరికీ ఒక్క డాక్టరు చిట్టీ సరిపోతది."