ఎర్ర ముక్కుతో ఆదివారం

నా భర్త హాలిస్ బ్రింటన్‌కు దగ్గంటే గిట్టదు. తనకొచ్చే దగ్గు కాదు, ఆదివారం మౌన ప్రార్థనలో ఇతరులకొచ్చే దగ్గు.

మేమిద్దరం ఆల్డర్ రన్‌లో కాపురం పెట్టి చాలా కాలమైంది. పెన్సిల్వేనియా కొండల నడుమ, వాగు పక్కనున్న, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ విడిది అది. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి కొన్నాళ్ళు ఉంటారు. పొద్దున నిశ్శబ్దంగా కూర్చుంటారు, మధ్యాహ్నం కుండలు చేయడమో, నేతపనో, కవిత్వమో నేర్చుకుంటారు, భోజనాలయ్యాక వంతులవారీగా గిన్నెలు తోముతారు. వంటశాల నాది. తోట, కట్టడాలు హాలిస్‌వి. వాటితోపాటు నిశ్శబ్దం కూడా తన బాధ్యతేనని ఎవరూ చెప్పకుండానే నెత్తిన వేసుకున్నాడు.

మా ప్రార్థనలో పాదిరి ఉండడు, పాట ఉండదు. బల్లల మీద ఊరికే కూర్చుంటాం. ఎవరికైనా లోపలినుంచి మాట తోసుకొస్తే లేచి చెప్పి కూర్చుంటారు. రాకపోతే ఎవరూ నోరు విప్పరు. ఆ కాస్త సమయం కోసం హాలిస్ వారమంతా తలుపు బందులకు నూనె వేస్తాడు, కిర్రుమనే బల్లలకు మేకులు కొడతాడు. ప్రార్థనలో ఎవరైనా దగ్గితే పిల్లిలా నడుచుకుంటూ వెళ్ళి వాళ్ళ అరచేతిలో దగ్గుబిళ్ళ పెట్టి వస్తాడు. ముఖంలో కోపం ఉండదు. ఉంటేనే నయం.

అలాంటి మనిషి ఆ వసంతంలో బఫూన్ తరగతిలో చేరాడు.

కావాలని కాదు. ఆల్డర్ రన్‌లో ఉండే ప్రతివాళ్ళూ, పనిచేసేవాళ్ళతో సహా, ఏదో ఒకటి నేర్చుకోవాలన్నది నియమం. హాలిస్ ఎప్పుడూ చెక్కపనికి వెళ్ళేవాడు. ఆ ఏడు చెక్కపని నేర్పే ఆయన చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఉన్ని ముట్టుకుంటే తనకు దద్దుర్లు, కాబట్టి నేత కుదరదు. కవిత్వం అంటే "నాకేం చెప్పాలని లేదు" అన్నాడు. ఇక మిగిలింది రోజాల్బా తరగతి.

రోజాల్బా ఫిలడెల్ఫియాలో ఆసుపత్రి పిల్లల్ని నవ్విస్తూ తిరిగే మనిషి. పొట్టిగా, గట్టిగా, బఠాణీ గింజలా ఉంటుంది. ఆమె తరగతి పెడదామన్నప్పుడు సభలో అడ్డు చెప్పిన ఒకే ఒక్కడు హాలిస్. "ప్రార్థనాస్థలంలో వేషాలేమిటి" అన్నాడు. ఇప్పుడు పళ్ళు పీకించుకోవడానికి వెళ్ళేవాడిలా ఆ తరగతికే బయలుదేరాడు.

అక్కడ జరిగింది రోజాల్బా తర్వాత నాకు చెప్పింది. అందరూ ఎర్ర స్పాంజి ముక్కులు తగిలించుకుని ఒక్కొక్కరే ముందుకొచ్చి నవ్వించడానికి ప్రయత్నించారట. ఒకాయన కోతిలా గెంతాడు, ఒకావిడ తన టోపీతోనే పోట్లాడింది. ఎవరికీ నవ్వు రాలేదు. హాలిస్ వంతు వచ్చింది.

"ఏం చెయ్యను?" అన్నాడు.

"ఏమీ చెయ్యకు. నిలబడు చాలు" అంది రోజాల్బా.

నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, ఇస్త్రీ చొక్కా, మెడదాకా బొత్తాలు, నడిమధ్య ఎర్ర ముక్కు. అంతలో తన కన్ను కిటికీ మీద పడింది. దాని రెక్క ఒకటి వంకరగా ఉంది. చూసీ చూడనట్టు ఉందామని పాపం చాలా ప్రయత్నించాడట. చివరికి ఉండబట్టలేక వెళ్ళి సరిచేసి, వేలితో దుమ్ము తుడిచి చూసి, వెనక్కొచ్చి నిలబడ్డాడు. అప్పటికి జనం నేలమీద దొర్లుతున్నారు.

"ఎందుకు నవ్వుతున్నారు? అది వంకరగానే ఉంది కదా" అన్నాడు. దాంతో రోజాల్బా కూడా కూలబడింది.

ఆ సాయంత్రం నేను కారెట్లు తరుగుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఐడెల్లా, అందరూ నన్ను చూసి నవ్వారు."

"మనసు కష్టపెట్టుకున్నావా?"

ఒక కారెట్ తీసుకుని కొరికాడు. "లేదు. అదే అర్థం కావడం లేదు."

మర్నాటి నుంచీ తరగతికి అందరికంటే ముందు వెళ్ళడం మొదలుపెట్టాడు.

తర్వాతి ఆదివారానికి రోజాల్బా ఒక పని పెట్టింది. "పొద్దున లేవగానే ముక్కు పెట్టుకోండి. మీ పనులు మీరు చేసుకోండి. అది ఉందన్న సంగతే మీకు గుర్తుండకూడదు. ప్రార్థన గంట వినపడగానే తీసేయండి."

గంట వినపడగానే అందరూ తీసేశారు. కానీ ఆ గంట కొట్టేది హాలిస్. అప్పటికే తను కోళ్ళకు మేత వేసి, హాలు ఊడ్చి, బల్లలు తుడిచాడు. తాడు లాగి, చేతులు కడుక్కుని, తిన్నగా వెళ్ళి అందరికీ ఎదురుగా ఉండే పెద్దల బల్ల మీద కూర్చున్నాడు. పక్కన లవీనియా హూప్స్. తొంభైకి దగ్గరపడిన పెద్దావిడ, చుట్టుపక్కల సభలన్నిటికీ తలలో నాలుక, ఆ రోజు మమ్మల్ని చూడటానికి వచ్చింది. ఆవిడకు మనుషులు నీడల్లాగే కనిపిస్తారు, చెవులు మాత్రం చురుకు.

నేను వంటశాల సర్ది ఆఖరున వచ్చాను. కూర్చున్నాక తలెత్తాను. ఎర్ర ముక్కు ఇంకా తన ముఖం మీదే ఉంది.

లేచి వెళ్ళి చెప్పాలా? నిశ్శబ్దం అప్పుడే కుదురుకుంది. పైగా అటూ ఇటూ చూస్తే నాకే అనుమానం వచ్చింది, కావాలనే పెట్టుకున్నాడా అని. అందరి ముఖాల్లోనూ అదే అనుమానం. హాలిస్ మాత్రం కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొండరాయిలా కూర్చున్నాడు.

వెనక బల్లలో ఎవరో "ఖ్" అన్నారు. నవ్వును దగ్గుగా మార్చే ప్రయత్నం అది.

హాలిస్ కళ్ళు తెరిచాడు. జేబులో చెయ్యి పెట్టాడు.

లేచాడు. ఆ ముక్కుతోనే, ఆ గంభీరమైన ముఖంతోనే, పిల్లి అడుగులతో నడిచి వెళ్ళి వాళ్ళ చేతిలో బిళ్ళ పెట్టాడు. పక్కావిడ రుమాలు నోట్లో కుక్కుకుని దగ్గింది. ఆవిడకొకటి ఇచ్చాడు. ఆమె ముందున్నవాడు దగ్గాడు. అతనికొకటి. ఇక చూసుకోండి, తాటాకు ఇంటికి నిప్పంటుకున్నట్టు బల్ల తర్వాత బల్ల దగ్గు. హాలిస్ పాపం అటూ ఇటూ పరుగులాంటి నడక, ఒక్కరినీ వదలడం లేదు. రోజాల్బా మెడలోని స్కార్ఫు తలమీద కప్పేసుకుని వంగిపోయింది. ఆమె వీపు నిమిరి బిళ్ళ పక్కన పెట్టాడు. నాకూ దగ్గు తప్పలేదు. నా దగ్గరికొచ్చి, బిళ్ళ చేతిలో పెట్టి, జాలిగా నా కళ్ళలోకి చూశాడు. నా పెదవులు కొరుక్కుంటే రక్తం రుచి తగిలింది.

తిరిగి తన చోటుకు చేరి, కూర్చోబోయి, ఆగాడు. జనాన్ని చూశాడు. ఎవరి కళ్ళలో చూసినా నీళ్ళు. భుజాలు వణుకుతున్నాయి. నాకు తెలిసినంతలో ఆ హాలులో హాలిస్ ఎన్నడూ లేచి మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడాడు. ముక్కు మూసుకుపోయింది కాబట్టి గొంతు బాకాలోంచి వచ్చినట్టుంది.

"ఇవాళ ఇక్కడ ఏదో జరుగుతోంది" అన్నాడు. "మీరంతా ఏడుస్తున్నారు. ఇన్నేళ్ళూ నేను ఇక్కడ కూర్చున్నాను. మీకేదో వినిపిస్తుందని చెబుతారు. నాకు ఒక్కసారి కూడా ఏమీ వినపడలేదు. లోపలికి పోలేనివాడు కనీసం గుమ్మం దగ్గర కాపలా అయినా కాయాలి కదా. అందుకే బందులకు నూనె వేస్తూ వచ్చాను. ఇవాళ మీ ముఖాలు చూస్తుంటే, ఎందుకో తెలియదు, నా గుండె తేలిగ్గా ఉంది. ఎగిరేలా ఉంది. మీకు తెలియాలని చెప్పాను."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నా బుగ్గల మీద నీళ్ళు జారుతూనే ఉన్నాయి, కానీ అవి వేరే నీళ్ళు.

తన కళ్ళూ తడిశాయి. జేబు రుమాలు తీసి ముక్కు తుడుచుకోబోయాడు. చెయ్యి ఆగింది. తడిమాడు. పీకి అరచేతిలో పెట్టుకుని చూశాడు. తర్వాత మమ్మల్ని చూశాడు. మా చేతుల్లోని బిళ్ళల్ని చూశాడు. మెడ నుంచి చెవులదాకా ఎర్రబడింది.

హాలిస్ ఆ ముక్కును మళ్ళీ జాగ్రత్తగా పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత తన పొట్ట మెల్లిగా ఊగడం మొదలైంది.

దాంతో కట్ట తెగింది. తాత ముత్తాతల కాలం నుంచి ఆ కప్పు కింద అంత నవ్వు పుట్టి ఉండదు. బల్లలు కిర్రుమన్నాయి. ఒకాయన పట్టు తప్పి బల్ల మీంచి జారాడు. ఎంతకీ ఆగకపోతే, చివరికి లవీనియా పక్కకు తిరిగి హాలిస్‌కు చెయ్యి అందించింది. మాలో చేతులు కలిపితే ప్రార్థన ముగిసినట్టు.

"బాగా మాట్లాడావు, హాలిస్. నీలాగే నాకూ చాలా ఏళ్ళు ఏమీ వినపడలేదు" అంది ఆవిడ. "కానీ వీళ్ళందరికీ ఈ జలుబేమిటి? వంటలో మిరియాలు వేయమని ఐడెల్లాకు చెప్పు."

భోజనంలో బంగాళాదుంప చారులో మిరియాలు వేశాను. హాలిస్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"ఎలా చెప్పను? నువ్వేమో బిళ్ళ తెచ్చి చేతిలో పెడుతున్నావు."

"నీకు నిజంగానే దగ్గొచ్చిందనుకున్నాను."

"తెలుసు. అందుకే నవ్వాపుకోలేక చచ్చాను."

మూతి బిగించుకుని చారు తాగాడు. రెండో గుటకకే నవ్వు ముక్కులోంచి తన్నుకొచ్చి, నా ఏప్రన్ అంతా చారయింది.

ఎండ చల్లబడ్డాక రోజాల్బా బయట పచ్చికలో దెబ్బ తగలకుండా పడిపోవడం ఎలాగో నేర్పిస్తుంటే, హాలిస్ నన్నూ లాక్కెళ్ళాడు. నాకు మోకాళ్ళ నొప్పులని ఎంత చెప్పినా వినలేదు.

"ముందు మోకాలు వదిలెయ్. తర్వాత నడుము. తర్వాత పట్టుదల" అంది రోజాల్బా.

"మూడోది ఈయనకు రాదు" అన్నాను.

హాలిస్ చెట్టు కూలినట్టు పడ్డాడు. నేను పిండిబస్తాలా పడ్డాను. కప్పల్లా వెల్లకిలా పడుకుని, లేవలేక, ఒకరినొకరు పట్టుకుని లేవబోయి మళ్ళీ పడి, ఇద్దరం ఊపిరాడకుండా నవ్వుతుంటే, పైన ఆకాశంలో పిచ్చుకలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయాయి.

"ఇంకోసారి" అన్నాడు హాలిస్.