తుత్తం కలపని జిగురు

మైదా జిగురు ఉడికేటప్పుడు గరిటె ఆపకూడదు, ఆపితే ఉండకడుతుంది. అందుకని పుస్తకాలు కట్టే బైండరమ్మ కుడిచేత్తో గరిటె తిప్పుతూనే, ఎడమచేతిలోని పాలప్యాకెట్టు మూలను పంటితో కొరికింది, కాలితో స్టూలును పక్కకు తోసింది, మెడ చాచి ముందుగదిలోకి తొంగి చూసింది. ఒక్కచోట నిలిచే మనిషి కాదు ఆమె. అన్నం కూడా నిలబడే తింటుంది.

"కాలుగాలిన పిల్లిలా ఏంటమ్మా ఆ తిరుగుడు?" ఆసుపత్రి డ్యూటీకి బయలుదేరుతున్న కూతురు చెప్పులు వేసుకుంటూ అంది. "అసలు పిల్లేమో అక్కడ దర్జాగా పడుకుంది."

"మెల్లగా మాట్లాడవే. దొరసాని లేస్తుంది."

దొరసాని చారల పిల్లి. ఎవరి ఇంటిదీ కాదు. నలభై రోజుల కిందట ఒక ఉదయం, ముందుగదిలో కాగితాలు కోసే మిషను కింద, కత్తిరింపుల కుప్పలో మూడు పిల్లలతో కనిపించింది. అయ్యో పాపమని బైండరమ్మ చెయ్యి పెట్టబోతే మణికట్టు నుంచి మోచేతి దాకా గీరేసింది. కూతురు నర్సు కాబట్టి ఇంట్లోనే తిట్లూ ఇంజెక్షన్లూ ఒకేసారి పడ్డాయి.

ఆ రోజు నుంచి బైండరమ్మ పిల్లిని చూడటం మానేసింది. చూస్తే బెదురుతుంది, చూడకపోతే తనే చూస్తుంది. స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చుని పుస్తకాలు కుట్టుకుంటూ, వీపు వెనకున్న పిల్లికి లోకం సంగతులన్నీ చెప్పేది. పాలగిన్నెను చెక్క స్కేలుతో రోజుకో బెత్తెడు తనవైపు జరిపేది. మొదటి రోజు ఆ గిన్నెను సబ్బుతో తోమి పెడితే పిల్లి దగ్గరికే రాలేదు. మరి తోమలేదు, చేత్తో ముట్టనూ లేదు. ఇప్పుడు గిన్నె స్టూలు పక్కకు వచ్చింది. పిల్లకూనలు మూడూ ఆమె ఒళ్లోకెక్కి దారపుండను చిక్కులు పెడుతున్నాయి. తల్లి మాత్రం మూరెడు దూరంలో ఆగి చూస్తూ ఉంటుంది. ఆ మూరెడు కూడా తగ్గితే చాలు, ఇక ఇక్కడే ఉండిపోతుందని బైండరమ్మ ఆశ.

"పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. నువ్వు నన్ను తిప్పినట్టు," అంది కూతురు గుమ్మం దాటుతూ.

"మనకిది ఏడోదేగా. దానిక్కూడా ఏడోదే అవ్వకూడదా?"

కూతురు నవ్వి వెళ్లిపోయింది. బైండరమ్మ జిగురు దించి, అలవాటు కొద్దీ పై అరలోని సీసా వైపు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. సీసాలో మైలుతుత్తం ఉంది. నీలంగా, పలుకులు పలుకులుగా, కలకండలా ముచ్చటైన విషం. చిటికెడు కలిపితే ఆ జిగురుతో కట్టిన పుస్తకాన్ని పురుగు ముట్టదు. మూడో ఇంట్లో ఉండగా పక్క ప్రెస్సులో ఫారాలు మడిచే పనికి చేరినప్పుడు, అక్కడి ముసలి మేస్త్రి ఆమెకు కుట్టు కంటే ముందు నేర్పింది ఇదే. పని మానేసేటప్పుడు ఈ కోత మిషను కూడా ఆమెకే ఇచ్చేశాడు. ఇరవై మూడేళ్లలో తుత్తం మరిచిన రోజు లేదు. ఈ నలభై రోజుల సంగతి వేరు. దొరసానికి పాలకన్నా జిగురంటేనే ప్రాణం. ఆరబెట్టిన పుస్తకాల వీపులు కూడా నాకుతుంది.

పది గంటలకు కాగితాల షాపాయన వచ్చాడు. ఆర్డర్లన్నీ ఇచ్చేది ఆయనే. ఎప్పుడూ గుమ్మం బయటి నుంచే కేకేసేవాడు, ఇవాళ లోపలికొచ్చి రెండు రిజిస్టర్లు బల్ల మీద పెట్టాడు. వీపులను బొద్దింకలు కొరికేశాయి. కుట్లు పేగుల్లా బయటికి వచ్చాయి.

"ఏంటమ్మా ఇది? మీ చేతి పుస్తకం చెదలకైనా లొంగదని అందరికీ నేనే చెప్పుకుంటున్నానే!"

బైండరమ్మ తల దించుకుంది. పిల్లి కోసమని చెప్తే నవ్విపోతాడు. నవ్వితే ఫరవాలేదు కానీ, నవ్వి ఊరుకోడు.

"బడి రిజిస్టర్లు ముప్పై ఉన్నాయిగా. రేపు పొద్దున్నే కావాలి. తుత్తం వేసి కట్టండి. మీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పండి, మిషను బైండింగు వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. మళ్లీ మీరు నన్ననుకోకూడదు."

"అయిపోతాయిలెండి. రేపు రండి."

ఆయన వెళ్లాక గదిలో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. ముప్పై రిజిస్టర్లు ఆరబెడితే ముందుగదిలో కాలు పెట్టే చోటుండదు. ప్రతి వీపుకూ విషం. పిల్లిని బయటికి తోలితే పిల్లల కోసం వెంటనే వస్తుంది. లోపలిగదిలో పెట్టి తలుపు వెయ్యాలి, అంతే. సాయంత్రందాకా. మహా అయితే రాత్రి దాకా.

దారపుండను దొర్లిస్తూ లోపలిగదిలోకి నడిచింది. కూనలు మూడూ ఎగురుకుంటూ వెంటపడ్డాయి. గిన్నెను స్కేలుతో నెట్టుకుంటూ వెళ్లి మంచం పక్కన పెట్టి, నిండా పాలు పోసింది. దొరసాని గడప దగ్గర ఆగింది. బైండరమ్మ అలవాటుగా గోడవైపు తిరిగింది. పిల్లి అలవాటుగా లోపలికి నడిచింది. నలభై రోజులుగా నేర్పిన నమ్మకం ఇవాళ బోనుగా పనికొచ్చింది. కిటికీ మూసి బయటికొచ్చి తలుపు లాగి గొళ్లెం పెట్టింది.

ఆ చప్పుడుకు గొళ్లెం మీంచి చెయ్యి చటుక్కున లాక్కుంది.

బయటి గొళ్లెం చప్పుడు లోపలివాళ్లకు ఎలా వినిపిస్తుందో ఆమెకు తెలుసు. ఇరవై ఆరేళ్ల కిందట ఆమె భర్త రోజూ ఆమెను లోపల ఉంచి, గొళ్లెం పెట్టి పనికి పోయేవాడు. తాగడు, కొట్టడు. "బయట జనం మంచోళ్లు కారు, నీ మంచికే" అనేవాడు. రెండేళ్లు అలాగే గడిచాయి. పాలావిడ కిటికీలోంచే పాలు పోసేది. ఒక ఉదయం ఒళ్లు కాలిపోతున్న ఆరునెలల పిల్లను చంకనేసుకుని ఆమె కిటికీలోంచి గిన్నె పట్టింది. పాలావిడ పిల్ల ముఖం చూసింది, తల్లి ముఖం చూసింది. పాలు పోయలేదు. గుమ్మంవైపు వచ్చి గొళ్లెం తీసి, ఏమీ అడక్కుండా, వెనక్కి కూడా చూడకుండా తన దారిన తను వెళ్లిపోయింది. ఒక చంకలో పిల్ల, ఒక చేతిలో ఖాళీ పింగాణీ గిన్నె, దాని అడుగున ఎర్రపువ్వు. అలాగే వీధిలోకి నడిచింది. ఆ గిన్నే తర్వాత జిగురుగిన్నె అయింది, తుత్తం కలపడానికి మాత్రం వేరే గిన్నె. పొరమీద పొర కట్టి, ఎండి, అసలు రూపం పోయింది. ఇప్పుడది దొరసాని గిన్నె.

జిగురులో తుత్తం కలిపింది. నీలం తిరిగింది. పనిలో పడింది. ఒకటి, రెండు, ఐదు. తలుపు అవతల గీరుడు మొదలైంది. కాసేపు ఆగేది, మళ్లీ మొదలయ్యేది. మధ్యలో కూనలు సన్నగా అరిచేవి. "ఉండవే తల్లీ, కాసేపేగా, నీ మంచికేగా," అంది పైకే. అని, నాలుక కరుచుకుంది. ఈ మాటలు తనకు కొత్త కావు. అప్పుడు మొగుడి గొంతులో విన్నవే.

పద్దెనిమిదో రిజిస్టరుకు అట్ట తలకిందులుగా అంటించింది. ఇన్నేళ్ల పనిలో ఇదే మొదటిసారి. దాన్ని పీకుతుంటే తలుపు అడుగు సందులోంచి ఒక పంజా బయటికొచ్చింది. నేల మీద తడుముతోంది. ఎవరినీ గీరడానికి కాదు, గాలి ఎటుందో చూసుకోవడానికి.

"చాల్లే, నీ రిజిస్టర్లు గంగలో కలవ," అని లేని షాపాయనను తిట్టింది బైండరమ్మ.

ఆరని పుస్తకాలను ఒకదాని మీద ఒకటి బల్లమీదికి ఎత్తేసింది. వీపులు జారాయి, అట్టలు వంకరపోయాయి. అన్నీ మళ్లీ కట్టాల్సిందే. పొద్దున్నకల్లా కావు. షాపాయన మిషనువాళ్లకు ఇస్తే ఇచ్చుకోనీ. తుత్తం గిన్నె మీద మూత పెట్టి అటక మీదికి చేర్చింది. నేలను రెండుసార్లు తుడిచింది. వీధి తలుపు బార్లా తెరిచింది. చివరికి గొళ్లెం తీసి, లోపలికి తొంగి చూడకుండా వచ్చి, స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చుంది. పొద్దున్నుంచి మొదటిసారి కదలకుండా కూర్చుంది.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మెత్తని అడుగులు. కంటిచివర్న దొరసాని కనిపించింది, నోట్లో ఒక కూన. స్టూలుకు జానెడు దూరంలోంచి వెళ్లింది. ఎన్నడూ ఇంత దగ్గరికి రాలేదు. చెయ్యి చాపితే అందుతుంది. బైండరమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గోడను చూస్తూ ఉండిపోయింది. పిల్లి గుమ్మం దాటింది. కాసేపటికి తిరిగొచ్చి రెండోదాన్ని తీసుకుపోయింది.

కూతురు వచ్చేసరికి ఎండ వీధి చివరికి జరిగింది. గడప దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా, మూడోదాన్ని కూడా తీసుకుపోతోందే!"

"అడ్డు తప్పుకోవే. దారివ్వు."

కూతురు గోడకు అతుక్కుని నిలబడింది. దొరసాని ఆమె చెప్పుల పక్కనుంచి దిగి, పిట్టగోడెక్కి, అటువైపు దూకింది. ఈసారి తిరిగిరాలేదు. బల్ల మీది వంకర రిజిస్టర్లను, తల్లి ముఖాన్ని, తలుపు మీది గీతలను కూతురు ఒక్కొక్కటిగా చూసింది.

"దానికిది ఏడోది కాదేమో అమ్మా," అంది చివరికి.

"కాదులే." బైండరమ్మ ముక్కు చీదింది. "నేనే కాకుండా చేశాను."

కూతురు లోపలిగదిలో దీపం వేసి, కిటికీ తెరిచి, మంచం పక్కనున్న గిన్నెను చేతిలోకి తీసుకుంది. "ఇది మన జిగురుగిన్నేనా?" అంది. తల్లి లేచి వచ్చి చూసింది. ఇన్నేళ్ల జిగురు పొరలనూ నలభై రోజుల నాలుక ఎత్తేసింది. పాలు చుక్క లేవు. అడుగున, ఒక రేకు దగ్గర పెచ్చు ఊడిపోయి, ఆ ఎర్రపువ్వు ఉంది.