పేరు పెట్టి పిలిచే హారన్

నికనోరా అర్చులెటా రోజూ పొద్దున్నే ఆఫీసు తలుపు తీసి, ముందు కాఫీ పెట్టుకుని, తర్వాత నిన్నటి దుమ్ము తుడిచేది. ఎస్పనోలా ఊళ్ళో దుమ్ముకి కొదవ లేదు. ఆమె ఇన్సూరెన్సు ఆఫీసుకి పక్కనే బట్టలుతికే మిషన్ల దుకాణం. మధ్యాహ్నం దాకా మధ్య గోడ సన్నగా అదురుతూనే ఉండేది. ఆ అదురుకి కాఫీ కప్పు బల్ల అంచుదాకా జరిగేది, ఆమె చూడకుండానే దాన్ని వెనక్కి లాగేది.

ఆఫీసుకొచ్చేవాళ్ళెవరూ ఆమెను పేరుతో పిలవరు. ఎదురుగా ఉంటే అమ్మా అంటారు, చాటున ఇన్సూరెన్సమ్మ అంటారు. పెళ్ళాడబోతున్న డెల్బర్ట్ అదీ అనడు. వాకిట్లో లారీ ఆపి రెండుసార్లు హారన్ కొడతాడు, ఈమె పర్సు తీసుకుని బయటికొస్తుంది. అతను అరిజోనాలో పశువుల దాణా వ్యాపారం ఒకటి కొన్నాడు. లెక్కలు చూడ్డానికి నమ్మకమైన మనిషి కావాలి. పెళ్ళి కూడా అక్కడే. నికనోరాకి యాభై దగ్గర పడుతున్నాయి. కాదనడానికి కారణమేదీ కనపడక సరేనంది. ఆఫీసు అమ్మడానికి బేరం కుదిరింది, శనివారం ప్రయాణం.

ఆ వారంలోనే గురువారం నాడు బెలర్మీనో, ఫిదెలియా దంపతులు ఆఫీసుకొచ్చారు. బెలర్మీనో స్కూలు బస్సుల షెడ్డులో మెకానిక్కుగా చేసి రిటైరైనవాడు. అప్పట్నించీ ఇంటి వెనక తన చేత్తో తనే ఒక కారు కడుతున్నాడని చుట్టుపక్కలందరికీ తెలుసు.

"పూర్తయిందట కదా మామయ్యా?" అంది నికనోరా.

"అయింది. రోడ్డెక్కనివ్వడం లేదు."

"ఉన్న ట్రక్కుని కోసి ఈ కారు చేశాడమ్మా," అంది ఫిదెలియా కుర్చీలో కూలబడుతూ. "అది రోడ్డెక్కదు, ఇది రోడ్డెక్కదు. రెండు బళ్ళున్న ఇంట్లో నడిచేది నేనొక్కదాన్నే."

ఫిదెలియా పని చేసేది లాస్ అలమోస్ కొండమీది ఆసుపత్రి వంటగదిలో. ఇన్నాళ్ళూ ఎదురింటావిడ కారులో వెళ్ళొచ్చేది. ఆవిడ ఊరొదిలి వెళ్ళిపోయింది. ఈ వారమంతా వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి ఎలాగో నెట్టుకొచ్చింది. శనివారం కూడా ఆలస్యమైతే ఇంకొకర్ని పెట్టుకుంటామని సూపర్‌వైజరు మొహాన్నే చెప్పేసింది.

"మోటారు వాహనాల ఆఫీసువాళ్ళు ఇన్సూరెన్సు తెమ్మంటున్నారు," అన్నాడు బెలర్మీనో. "కంపెనీలేమో గుర్తింపు నంబరున్న బండికే చేస్తాం అంటున్నాయి. నంబరు రావాలంటే తనిఖీ చేయించాలి. తనిఖీకి తీసుకెళ్ళాలంటే బండి రోడ్డెక్కాలి. రోడ్డెక్కాలంటే..."

"ఇన్సూరెన్సు కావాలి," అంది నికనోరా.

"అదీ సంగతి."

ఆమె కప్పుని వెనక్కి లాగింది. "తన చక్రాల మీద నడిస్తేనే అది బండి మామయ్యా. ఇంకో బండి ఎక్కి కూర్చుంటే సరుకు. సరుక్కి ఇన్సూరెన్సు చూపించమని ఎవరూ అడగరు."

"మరి మొయ్యడానికి లారీ ఎవరిస్తారు?"

నికనోరా కిటికీలోంచి బయటికి చూసింది. అప్పుడే వాకిట్లో రెండుసార్లు హారన్ మోగింది.

డెల్బర్ట్ విసుక్కున్నాడు. "రేపు మన సామాను ఎక్కించాలి. ఈ పాత ఇనుము మొయ్యడానికా నా లారీ?"

"ఒక్క పూట."

"ఎల్లుండి నుంచి నీకూ ఈ ఊరికీ సంబంధమే లేదు. నీకెందుకిదంతా?"

నికనోరా లారీ తలుపు పట్టుకుని నిలబడింది. ఎంతసేపటికీ అలాగే నిలబడితే, సరే తగలడు అన్నాడు.

శుక్రవారం పొద్దున కారుని లారీ ఎక్కించి తాళ్ళతో బిగించారు. దాని ముందు భాగం పాత పోస్టాఫీసు జీపుది. నాలుగు తలుపులూ నాలుగు బళ్ళవి, కానీ రంగు ఒకటే, పండిన మిరపకాయ రంగు. హారన్ మాత్రం ఏ బండిదో బెలర్మీనోకీ తెలీదు. పాత సామాన్ల కొట్లో కొన్న డబ్బా అడుగున దొరికింది. నొక్కితే అది ఎవరో ఒకర్ని పేరు పెట్టి పిలుస్తుంది. బెలర్మీనో వాళ్ళుండే పల్లెలో అందరికీ అలవాటే, పిలిస్తే పలుకుతారు. ఒక్కోసారి ఊళ్ళో లేనివాళ్ళ పేరు పిలుస్తుంది. సాయంత్రానికి వాళ్ళే ఇంటికి ఫోన్ చేసి "నన్నెవరైనా పిలిచారా?" అని అడుగుతారు. పిలిచాం, ఎలా ఉన్నావు అంటారు ఇంట్లోవాళ్ళు.

మోటారు వాహనాల ఆఫీసులో తనిఖీ చేసే హెర్వాసియో తఫోయా నిదానస్థుడు. దీపాలు చూశాడు, బ్రేకులు చూశాడు, నేలమీద వెల్లకిలా పడుకుని అడుగుభాగం చూశాడు. ఇంజను కొన్నదేననడానికి రసీదు చూశాడు. ఫిదెలియా చేతిసంచీ గుండెలకి హత్తుకుని ఆయన వెనకే తిరిగింది. ఆఖరికి ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ నొక్కాడు.

"హెర్వాసియో!" అంది కారు.

గిన్నెలో బీన్సు చల్లారిపోతున్నాయని ఇంట్లోంచి కేకేసినట్టుంది ఆ గొంతు.

"ఇక్కడే ఉన్నా," అన్నాడు తఫోయా నడుం నిటారుగా చేసి. తర్వాత రూల్సు పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. "రెండు వందల అడుగుల దూరానికి వినపడాలి. ఇదిగో, గేటు దగ్గరున్నాయనా, మీకు వినపడిందా?"

"వినపడింది, తొందరగా కానివ్వండి," అని అరిచాడు డెల్బర్ట్ గేటు దగ్గర్నించి.

"విజిలు కాకూడదు, సైరన్ కాకూడదు, గంట కాకూడదు." తఫోయా పుస్తకం మూశాడు. "ఇది మూడూ కాదు. ఏమనాలో మా రూల్సులో లేదు." అని, కొత్త నంబరు కొట్టిన చిన్న రేకుని తలుపు పక్కన మేకులతో బిగించాడు. ఫిదెలియా ఆ రేకుని వేలితో తడిమి, పమిట లేదు గనక చొక్కా చేతితోనే కళ్ళొత్తుకుంది.

నికనోరా అక్కడి నుంచే మిషిగన్‌లోని ఒక కంపెనీకి ఫోన్ చేసింది. ఇంట్లో కట్టుకున్న బళ్ళకి ఇన్సూరెన్సు చెయ్యడమే వాళ్ళ పని.

"మళ్ళీ ఇలాంటిది కట్టాలంటే ఎంతవుతుందో కనుక్కోండి," అంది అవతలి అమ్మాయి.

నికనోరా అడిగింది. "మళ్ళీ కట్టను," అన్నాడు బెలర్మీనో. "కడితే ఈవిడ ఇంట్లో ఉండదు."

ఎలాగో ఒక విలువ కుదిరింది. "ప్రత్యేకమైన పరికరాలేమైనా ఉన్నాయా?" అంది అమ్మాయి.

"హారన్ పేర్లు పెట్టి పిలుస్తుంది."

కీబోర్డు టకటకలాడింది. "దొంగలెత్తుకుపోతే దానికి విడిగా పరిహారం రాయమంటారా?"

"వద్దమ్మా. అది బండితోనే."

సాయంత్రం ఆఫీసులు మూసేలోపే కారుకి నంబరు పలకలొచ్చాయి. డెల్బర్ట్ సామాను ఎక్కించేసరికి చీకటిపడింది.

శనివారం తెల్లవారుతుండగా లారీ ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర ఆగింది. అక్కణ్ణించి ఒక దారి దక్షిణానికి, ఒకటి కొండమీదికి. డెల్బర్ట్ డబ్బు కట్టి కాఫీలు తేవడానికి లోపలికెళ్ళాడు. నికనోరా లారీలోనే ఒళ్ళో పర్సు పెట్టుకుని కూర్చుంది. రాత్రి నిద్రపట్టలేదు. బాధేమీ లేదు, సంతోషమూ లేదు. ప్రయాణమన్నాక అలాగే ఉంటుందనుకుంది.

పల్లె వైపునించి మిరపకాయ రంగు కారు వచ్చింది. సరిగ్గా మలుపులో కుక్కొకటి అడ్డంగా పరిగెత్తింది.

"నికనోరా!"

"వస్తున్నా," అంది ఆమె.

అనేశాక చూసుకుంటే అప్పటికే తలుపు తెరిచి ఉంది, ఒక కాలు నేలమీదుంది. అమ్మ పోయాక ఆ పేరు ఎవరి నోటా వినలేదని అప్పుడు తోచింది. రెండో కాలు కూడా దించింది.

డెల్బర్ట్ రెండు చేతుల్లో రెండు కాఫీలతో బయటికొచ్చాడు. "ఎక్కడికి?"

"పిలిచారు."

"ఎవరు?"

"నన్నే పిలిచారు," అంది నికనోరా. అతనడిగింది అది కాదని ఆమెకీ తెలుసు.

"త్వరగా రా మరి. ఎండ ముదిరేలోపు చాలా దూరం పోవాలి."

కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. "కుక్క కోసం నొక్కానమ్మా," అన్నాడు బెలర్మీనో ఇబ్బందిగా. "నిన్ను ఆపాలని కాదు."

"ఆపితే ఆపావులే," అంది ఫిదెలియా. "నువ్వు ఎక్కుతావా ఎక్కవా, అది చెప్పమ్మా. అక్కడ రోగులందరికీ జావ కాచాలి నేను."

నికనోరా వెనక తలుపు తీసి ఎక్కింది. కారు కదిలింది. వెనక్కి తిరిగి చూడాలనిపించకపోవడం ఆమెకే వింతగా అనిపించింది. నది మీది వంతెన దాటి కొండదారి పట్టింది.

డెల్బర్ట్ కాసేపు చూసి, రెండు కాఫీలూ తనే తాగేసి వెళ్ళిపోయాడు. అరిజోనాలో అతనికి లెక్కలు చూసే మనిషి దొరికింది, తర్వాత పెళ్ళి కూడా అయిందని విన్నారు. నికనోరా బట్టల పెట్టె కొన్నాళ్ళకి పార్సిల్లో తిరిగొచ్చింది. ఆఫీసు కొంటానన్నవాళ్ళు ఇంకా సంతకం పెట్టలేదు గనక ఆ బేరం అంతటితో ఆగిపోయింది. ఇదంతా తర్వాతి మాట.

ఆరోజు ఫిదెలియా వేళకే వంటగదిలో అడుగుపెట్టింది. కాసేపటికి గుడ్లు, పచ్చిమిరపకాయల కూర, రెండు టోర్టియా రొట్టెలు కాగితం పళ్ళేల్లో పెట్టి వెనక గుమ్మంలోంచి అందించింది. కారు బానెట్టుని బల్లగా చేసుకుని నికనోరా, బెలర్మీనో నిలబడే తిన్నారు. కూర ఘాటుకి నికనోరా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకో టోర్టియా ఉందా అని లోపలికి కేకేసి అడిగింది.

తిన్నాక బెలర్మీనోకి నిద్ర ముంచుకొచ్చింది. రాత్రంతా ఆయన కొత్త నంబరు పలకల్ని లాంతరు పట్టుకుని చూస్తూ కూర్చున్నాడట. తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంటికి నువ్వు నడుపమ్మా."

"పాలసీలో మీ ఇద్దరి పేర్లే ఉన్నాయి మామయ్యా. నేను నడిపితే చెల్లదు."

"అలాగా," అని ఆయన పక్క సీట్లో వాలి కళ్ళు మూసుకున్నాడు. రెండో మాట లేకుండా గురక మొదలైంది.

నికనోరా తాళాలు పట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది. కింద లోయంతా ఎండ పరుచుకుంది. నది ఒడ్డున చెట్ల ఆకులు పసుపురంగుకి పండి ఉన్నాయి. ఇన్సూరెన్సు లేకుండా వీధి చివరిదాకా కూడా బండి నడపొద్దని ఆ లోయలో సగంమందికి చెప్పింది తనే.

సీటు కాస్త ముందుకి జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, ఆయన లేవకుండా మెల్లగా తాళం తిప్పింది.