నలభై నిమిషాల డాటా

నారాయణగూడ చౌరస్తా దగ్గర అభిజిత్ నడిపే సిమ్‌కార్డుల దుకాణంలో ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మంలోనే ఆగాలి. ఆ మంగళవారం పొద్దున లోపల నిలబడిన ఇద్దరూ త్రివేణి, ఆమె బావ జగదీశ్వర్. ఆమె భర్తకు సొంత అన్న. రాత్రి విమానానికి ఆయన కౌలాలంపూర్ వెళుతున్నాడు. అక్కడ తన ఫోన్‌కు ఎంత డాటా కావాలో తేల్చుకుని ప్యాక్ వేయించుకోవాలి.

ఇలాంటప్పుడు ఆడమనిషి గడప దాటుతుందా అని అశోక్‌నగర్ ఇంట్లో మేనత్త అడ్డం పడింది. చూడాల్సింది ఆమె, ఆమె ఫోన్ కూడా ఒకసారి చూపించాలి అన్నాడు జగదీశ్వర్. త్రివేణికి మాత్రం బయటపడితే చాలనిపించింది. ఇంట్లో అందరూ ఏడువమ్మా, ఏడిస్తే బరువు తగ్గుతుంది అంటున్నారు. ఆమెకు ఏడుపు రావడం లేదు. చిక్కడపల్లి మీదుగా నడిచి వస్తుంటే కూరగాయల బండాయన ఎప్పటిలాగే బెండకాయలు లేతగున్నయక్కా అన్నాడు. ఆమె ఎప్పటిలాగే వద్దని తల ఊపింది. ఊపినందుకు తనకే వింతగా అనిపించింది.

"ఎన్ని రోజులు అంకుల్?" అభిజిత్ పాత బిల్లు తిరగేసి పెన్ను తీశాడు.

"నాలుగు."

"మ్యాపులు, యూట్యూబు, రీల్సు... ఏమేం చూస్తరు?"

"ఏం చూడ. ఒక్క వీడియో కాల్."

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

అభిజిత్ నవ్వాడు. "గడియారం పెట్టుకొని మాట్లాడ్తరా అంకుల్? ఆఫీసు మీటింగా?"

జవాబు త్రివేణికి వదిలేసి జగదీశ్వర్ గుమ్మం వైపు తిరిగాడు. ముప్పై ఏళ్లు కరెంటాఫీసులో జనంతో నోరు నొప్పిపుట్టేలా మాట్లాడిన మనిషి. చివరికి త్రివేణే చెప్పింది, బస్సు నంబరు చెప్పినంత మామూలుగా. "మా ఆయన దహనం. గురువారం. అక్కడ గంతసేపే ఇస్తరట."

అభిజిత్ లేచి తన స్టూలు ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

త్రివేణి భర్త భానుప్రకాశ్ కౌలాలంపూర్‌లో లిఫ్టులు బాగుచేసేవాడు. శనివారం మధ్యాహ్నం పనిలోనే కుప్పకూలాడు. శవం హైదరాబాదు చేరాలంటే పన్నెండు రోజులైనా పడుతుందన్నారు. అన్ని రోజులు ఆయన్ని పెట్టెలో ఉంచొద్దు, అక్కడే కానిచ్చేయండి అని త్రివేణే చెప్పింది. ఆమెకు పాస్‌పోర్టు లేదు. వచ్చే ఏడాది తీయిద్దామని ఆయన మూడేళ్లుగా అంటూనే ఉన్నాడు. ఇక ఆమె, తొమ్మిదేళ్ల కూతురు అనూహ్య ఆయన్ని చివరిసారి చూడాలంటే ఆ ఒక్క కాలే దిక్కు. మధ్యలో తెగిపోతే మళ్లీ చూపించడానికి మనిషి ఉండడు.

"అక్క, మీ ఫోన్ ఇయ్యండి," అన్నాడు అభిజిత్, ఈసారి గొంతు తగ్గించి. "అన్న రోజూ మీకు చేసేటోడు గదా. ఆ కాల్స్‌కు ఎంత డాటా పోయిందో చూస్తే లెక్క కరెక్టుగ వస్తది."

ఆమె ఫోన్ ఇచ్చేసింది. ఇచ్చాక గుర్తొచ్చింది.

శుక్రవారం రాత్రి ఆయన ఎనిమిదింటికి చేశాడు. ఏదో హోటల్లో పదమూడో అంతస్తు లిఫ్టు గురించి, ముందు రోజు చెప్పిందే మళ్లీ చెప్పాడు. ఆమెకు విసుగొచ్చింది. పొయ్యి మీద ఏమీ లేదు, పిల్ల పేచీ పెట్టడం లేదు, ఒట్టి విసుగే. డాటా అయిపోతుంది, పెట్టేస్తున్నానంది. ఇంకో పది నిమిషాలు మాట్లాడు త్రివేణీ, అన్నాడాయన. అయిపోయింది, రేపు మాట్లాడుకుందామని ఆమె ఎర్ర బొత్తాం నొక్కింది.

ఫోన్ వెనక్కి తీసుకోవాలనుకుంది.

అప్పటికే అభిజిత్ కంపెనీ యాప్ తెరిచి వేలితో కిందికి జరుపుతున్నాడు. "రోజుకు ఒకటిన్నర జీబీ. శుక్రవారం మొత్తం కలిపి ఆరు వందల ఎంబీ అయింది. అంటే తొమ్మిది వందలు మిగిలినయ్." తల ఎత్తాడు. "మరి శనివారం పొద్దుగాల మూడు జీబీల ప్యాక్‌కు ఎందుకు మారిన్రక్క? అవసరమే లేదు గదా."

త్రివేణికి ఆ మూడు జీబీల సంగతి తెలియదు.

"నేనే వేసిన," అన్నాడు జగదీశ్వర్. "శుక్రవారం రాత్రి వాడు నాకు ఫోన్ జేసిండు. త్రివేణికి డాటా చాలుతలేదన్న, మాట మధ్యల అయిపోతుంది, పొద్దుగాల్నే జర పెద్ద ప్యాక్ వెయ్యి అన్నడు. తర్వాత ఈ పరేషాన్‌ల నీకు చెప్పనే లే..."

అక్కడ ఆగిపోయాడు. తొమ్మిది వందలు మిగిలాయన్న మాట అప్పుడు ఆయన చెవికెక్కింది.

"అయిపోలే బావ," అంది త్రివేణి. "అబద్ధం చెప్పిన. ఇంకో పది నిమిషాలు అన్నడు. నాకు విసుగొచ్చింది."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోలేదు. ఒక మాట తిట్టినా బాగుండునని ఆమె ఎదురుచూసింది. తిట్టలేదు. బయట సిటీ బస్సు ఆగి, జనాన్ని దింపి, వెళ్లిపోయింది.

అభిజిత్ కాగితం మీద నలభై అని రాసి లెక్క వేశాడు. "నలభై నిమిషాలకు మూడు వందల ఎంబీ పోతది. అన్నిటికంటె చిన్న ప్యాక్ ఒక జీబీ. అదే మస్తు."

"యాభై నిమిషాలకు లెక్క కట్టు," అంది త్రివేణి.

"వాళ్లు నలభైకంటె ఎక్కువ ఇయ్యరు బిడ్డా," అన్నాడు జగదీశ్వర్. "వాణ్ణి కొలిమి లోపలికి పంపి తలుపు మూసేస్తరు. తర్వాత చూసేటందుకు ఏముంటది."

"తలుపునే చూపియ్యి బావ. ఇంకో పది నిమిషాలు. నువ్వు పెట్టెయ్యకు, నేను గూడ పెట్టెయ్య."

అభిజిత్ నలభైని కొట్టేసి దాని పక్కన యాభై అని రాశాడు.