గరుకు సరుకు

నాగేంద్రకు మేనమామా, పిల్లనిచ్చిన మామా ఒకరే. మేనమామతో అయితే ఎదురుగా పోట్లాడొచ్చు, పిల్లనిచ్చిన మామనైతే చాటుగా తిట్టుకోవచ్చు. ఇద్దరూ ఒకే పంచెలో ఉంటే ఏం చేయాలో ఏ శాస్త్రంలోనూ రాయలేదు. పెళ్ళాం దగ్గర ఒక మాట జారితే "మా నాయననా నువ్వంటాండేది" అంటుంది నందిని. తల్లి దగ్గర జారితే "మా అన్ననా" అంటుంది ఆమె. దాంతో బాలసుబ్బయ్య సారు మీద పుట్టిన విసుగంతా బయటికి పోయే దారి లేక కడుపులోనే పేరుకుపోయింది. డాక్టరు దానికి అల్సరు అని పేరు పెట్టాడు. అందులోనూ సారు ఉన్నాడు.

ఆ సారును ఫ్యాక్టరీలో కూర్చోబెట్టి, పులివెందులలో చుట్టాల గృహప్రవేశానికి పోవడమే నాగేంద్ర చేసిన తప్పు.

తిరిగొస్తూ ముద్దనూరు దాటి, జమ్మలమడుగు రోడ్డులో తన పాలీషు ఫ్యాక్టరీ ముందు కారు ఆపగానే కళ్ళు జిగేల్‌మన్నాయి. షెడ్డు ముందు వరసగా నిలబెట్టిన నాపబండల్లో అతని మొహమే కనిపిస్తోంది. ఒక్కో బండలో ఒక్కో నాగేంద్ర. అందరి నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి.

"మామా, ఏంది ఇది?"

బాలసుబ్బయ్య కుర్చీలోంచి లేవలేదు. చరిత్ర చెప్పి చెప్పి రిటైరైన మనిషి, వర్తమానానికి లేచి నిలబడటం ఆయనకు అలవాటు లేదు.

"ఏంది అంటే? పాలీషు ఫ్యాక్టరీలో పాలీషు పట్టక ఇంగేం పడ్తారప్పా?"

నాగేంద్రకు వచ్చిన మొదటి విదేశీ ఆర్డరు అది. బెల్జియంలో ఒక రాళ్ళ వ్యాపారి, పార్కుల్లో నడకదారులకు కడప నాపరాయి కావాలన్నాడు. ఆ దేశంలో వాన లేని రోజు మంచు, మంచు లేని రోజు వాన. నున్నటి రాయి మీద అడుగేస్తే కాలు ఒకచోట, మనిషి ఒకచోట. అందుకే సరుకు గరుకుగా ఉండాలి, గనిలోంచి లేచింది లేచినట్టే పంపాలి, మిషను తాకించొద్దు అని చెన్నై ఏజెంటు చెప్పిందే చెప్పాడు. గుజరాతు టైల్సు వచ్చినప్పటి నుంచి ఇక్కడ నాపరాయి అడిగే నాథుడు లేడు. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు మిషన్లను పాత ఇనుము కింద తూకానికి అమ్ముకున్నారు. ఈ లోడు ఓడ ఎక్కిందా, ఏడాది పొడవునా ఆర్డర్లు. ఎక్కలేదా, నాగేంద్ర మిషన్లు కాటా ఎక్కుతాయి. సరుకు చూడటానికి ఏజెంటు మనిషి ఆ పూటే వస్తోంది. ఎగుమతిలో మతి ఎందుకుందో, ముందుగా ఎగిరిపోయేది ఏదో అతనికి ఇప్పుడు తెలిసింది.

"గరుకుగానే పోవాలని చెప్పి పోతి గదా మామా. ఈ కుర్చీ కాడే చెప్తి."

"చెప్తివి. ఇనపడింది. ఇనపడింది కాబట్టే పాలీషు పట్టిస్తి." బాలసుబ్బయ్య కండువా సర్దుకున్నాడు. పాఠం మొదలవుతోందన్నమాట. "ముడిసరుకు తెల్లోనికి పంపేది మనకు కొత్తనా? ఈ దత్తమండలాల దూది ఎద్దుల బండ్లెక్కి మద్రాసుకు పాయె, ఆన్నించి ఓడెక్కె. పోయింది దూది. వచ్చింది ఏంది?"

"గుడ్డ, మామా."

"గుడ్డ. మన దూదే గుడ్డై వచ్చి మన మగ్గాల మెడకు సుట్టుకునె. నీలిమందు సంగతీ అంతే. తొట్లల్లో తొక్కి తొక్కి మనోళ్ళ కాళ్ళు నీలమాయె, ఇంగ్లండు సీమలో వాళ్ళ కోట్లు నీలమాయె. కాళ్ళకు మిగిలిందేంది, కోట్లకు మిగిలిందేంది?"

ఈ పాఠం నాగేంద్ర బడిలో విన్నాడు, నిశ్చితార్థం నాడు విన్నాడు, కూతురికి పేరు పెట్టిన నాడు విన్నాడు. ముడిసరుకు అన్న మాట చెవిన పడితే చాలు, సారు కనుబొమలు ముడిపడతాయి. మూడు ముళ్ళ వేళ కూడా ఆయన మాంచెస్టరు మిల్లుల దగ్గరే ఉండిపోయాడనీ, పురోహితుడు మంత్రం మరిచి నోరెళ్ళబెట్టి విన్నాడనీ ప్రొద్దుటూరు చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"అది దూది మామా. పోయి గుడ్డై వస్తాది. రాయి పోయి ఏమై వస్తాది?"

"పాలీషు రాయై వస్తాది. ఈ పొద్దు గరుకుది తీసుకపోతాడు, ఆడ మెరుగు పెడ్తాడు, అట్టపెట్టెలో పెట్టి మనకే అమ్ముతాడు. రాసి పెట్టుకో."

"వాళ్ళు తొక్కేదానికి అడుగుతాండారు మామా. జారకుండా."

"గొడ్ల కొట్టంలో పరిచే బండల్ను పరాయి దేశానికి పంపి, కడపోళ్ళకు పనితనం ల్యాదనిపిస్తావా?"

నాగేంద్ర మిషను దగ్గరున్న జాఫర్ వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పొద్దాప్పా?"

"నేనేం చెప్పాలన్నా. ఆరో తరగతి నుంచి నా చెవి సారు చేతిలోనే ఉండె. స్విచ్చి వేయరా అన్యాడు, వేస్తి."

షెడ్డులో పనిచేసేవాళ్ళంతా జమ్మలమడుగు హైస్కూల్లో సారు దగ్గర చదివినవాళ్ళే. నాగేంద్ర వాళ్ళకు జీతం మాత్రమే ఇస్తాడు. సారు తొడపాశం పెట్టినవాడు.

ఇంతలో ఏజెంటు తరఫున సింధూ వచ్చింది. చిన్న వయసు, పెద్ద బూట్లు. బండల వరస చూసి ఆగింది.

"ఇవెవరి సరుకండీ?"

"మాదే," అన్నాడు నాగేంద్ర.

"మరి మన సరుకెక్కడుంది?"

"అదీ ఇదేనమ్మా."

ఆమె ఒక బండ మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి దానంతటదే కిందికి జారింది. "ఇది నేను వద్దని రాయాల్సిందేనండీ."

"ఏం చదివినావమ్మా?" అన్నాడు బాలసుబ్బయ్య.

"జియాలజీ, సార్."

"రాళ్ళ గురించి చదివినావు. వాటిని మోసినోళ్ళ గురించి చదివినావా? అరవై ఏండ్లు కంపెనీవాడు ఈడ..."

"సార్, నేను కంపెనీ మనిషినే గానీ, ఆ కంపెనీ కాదు."

నాగేంద్రకు ఒళ్ళు మండింది. ఎదురుగా ఉన్న బండలో తన మొహం ఇంకా నోరు తెరుచుకునే ఉంది. దాన్ని చూడలేక బండను రెండు చేతులా పట్టుకుని, పాఠం రాని పిల్లవాణ్ణి గోడకు తిప్పినట్టు తిప్పేశాడు. వెనక పక్క గరుకు గరుకుగా, మట్టి రంగులో, గనిలోంచి లేచింది లేచినట్టే ఉంది.

అతను ఇంకో బండ తిప్పాడు. అదీ అంతే.

"మామా, ఈ పక్క పట్టించల్యా?"

"కరెంటు పాయె. ల్యాకుంటే ఇడిచిపెడ్తానా?" అన్నాడు బాలసుబ్బయ్య నొచ్చుకుంటూ.

కరెంటు పోయినందుకు నాగేంద్ర సంతోషపడటం జీవితంలో అదే మొదటిసారి. సింధూ ఫొటోలు తీసి పంపి, ఫోను పట్టుకుని వేపచెట్టు కిందికి పోయింది. చాలాసేపటికి వచ్చింది.

"తిరగేసి వేసుకుంటారట. కానీ మెరిసేదే పైపక్క అనుకుని అక్కడి మేస్త్రీలు అలాగే పరిచేస్తారని భయపడుతున్నారు. ప్రతి బండకూ గరుకు పక్క మీద, ఇది పైకి అని ఇంగ్లీషులో పెయింటుతో రాయాలి. సాయంత్రం లారీ వచ్చేలోపు అయితేనే."

షెడ్డులో అందరూ సారు వైపు చూశారు. ఇంగ్లీషు అక్షరాలు ముత్యాల్లా రాసేది ఆయనొక్కడే.

"నేను రాయను," అన్నాడు బాలసుబ్బయ్య. "పాలీషంతా మన్నుపాలు చేసి, మొరటుపక్క పైకి పెట్టమని నా చేత్తో రాయాల్నా?"

నాగేంద్ర ఆయన ఎదురుగా బండ మీద కూలబడ్డాడు. బతిమాలే ఓపిక లేదు, అరుద్దామంటే అల్సరు.

"రాయొద్దులే మామా. లోడు పోదు. మిషన్లు తూకానికి పోతాయి. ఆ ఇనుము యాడికి పోతాదో తెల్సా నీకు?"

"యాడికి?"

"పాత ఇనుము ముడిసరుకే గదా. ఓడెక్కిస్తారు. ఆడ కరగబోసి, కొత్త మిషన్లు చేసి, మనకే అమ్ముతారు."

బాలసుబ్బయ్య కనుబొమలు ముడిపడ్డాయి. కండువా తీసి కుర్చీ మీద వేసి, లేచి నిలబడ్డాడు.

"బ్రష్షు త్యారా జాఫర్."

పొద్దు వాలేదాకా ఆయన గొంతుక్కూర్చుని రాస్తూనే ఉన్నాడు, పనివాళ్ళు బండలు తెచ్చి పెడుతూనే ఉన్నారు. గరుకు మీద బ్రష్షు ఎగిరెగిరి పడుతోంది. ముత్యాల్లాంటి అక్షరాలు మరమరాల్లా వస్తున్నాయి. సగం బండలు లారీ ఎక్కాక ఆయన నడుము పట్టుకుని పిలిచాడు.

"అల్లుడా, ఈడ అక్షరం కుదురుగా కూర్చోడంల్యా. చదివినోడు చూస్తే నవ్వుతాడు. రాసేకాడ మటుకు, జానెడు జాగా, రోంత పాలీషు పట్టిద్దామా?"

అప్పటికి కరెంటు వచ్చి ఉంది. జాఫర్ స్విచ్చి వైపు చూశాడు.

నాగేంద్ర మెయిన్ బోర్డు దగ్గరికి నడిచి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని వచ్చాడు. మామ పక్కనే గొంతుక్కూర్చుని, తనూ ఒక బ్రష్షు పెయింటులో ముంచాడు.