కోటేశ్వరరావు చలివేంద్రం

సుమ ద్రాక్ష వరస చివర మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకుంటోంది. పక్కనే కోటేశ్వరరావు నీలం డ్రమ్ము కుళాయి తిప్పి గ్లాసు నింపుతున్నాడు.

"తాగమ్మా, తాగు. ఎండకి అలవాటులేని ఒళ్లు. మనూళ్లో చలివేంద్రం పెట్టినట్టు మీకోసమే పెట్టించాను."

ఆ మాట అంటూనే కారులోని ఐసుపెట్టెలోంచి తన సీసా తీసుకుని గటగటా తాగాడు.

జెన్సీ అన్నీ చూసింది. డ్రమ్ము మీది కాగితాన్ని ఎవరో గీకి పారేశారు గానీ అడుగున పుర్రె బొమ్మ సగం మిగిలే ఉంది. పుర్రె కింద కుళాయి, కుళాయి కింద గ్లాసు. తోటకు కొట్టే పురుగుమందు డ్రమ్ముని రెండు నీళ్లు పోసి కడిగి, దాహంతో ఉన్నవాళ్లకి పుణ్యమని పంచుతున్నాడు. మెల్‌బోర్న్ దగ్గరి కేరమ్ డౌన్స్ గుడికి ఏటా అన్నదానానికి బియ్యం బస్తాలు పంపే పెద్దమనిషట!

జెన్సీ ఈ దేశంలోనే, గిరావీన్‌లో పుట్టి పెరిగింది. అమ్మానాన్నలది తెనాలి దగ్గర పల్లె. లా మూడో ఏడు చదువుతూ, వేసవి సెలవుల్లో పల్లెలకు ఉచితంగా న్యాయసలహా ఇచ్చే వ్యానెక్కి మర్రీ నది ఒడ్డునున్న ఈ ఊరికొచ్చింది. తోటలో కోతకు వచ్చినవాళ్లు ఇరవైముగ్గురు. అందరూ తెలుగువాళ్లే. చదువులకని ఈ దేశం వచ్చిన విద్యార్థులు, వాళ్ల మొగుళ్లు, పెళ్లాలు. వాళ్లని పోగుచేసి తోటకు తెచ్చిన లేబర్ కాంట్రాక్టరు కోటేశ్వరరావు. సుమ మెల్‌బోర్న్‌లో చదువుతోంది. భర్త భీమయ్య ఆమె వీసా మీద వచ్చాడు. ఇద్దరిదీ నల్లగొండ.

మర్నాడు లైబ్రరీ ముందు ఆగిన వ్యానుకి భీమయ్య ఒక్కడే వచ్చాడు. వ్యానుకి పెద్ద లాయరు హెలెనా. ఒక్కో మనిషికి ఒక్కో ఫారం, పేరు లేని ఫిర్యాదుని ఎవరూ పట్టించుకోరు అంది. ఫారంలో క్లయింటు పేరుకి ఒకటే గడి. జెన్సీ అందులో భీమయ్య పేరు గుండ్రంగా రాసింది. కాలేజీలో నేర్పినట్టే కాంట్రాక్టరుకి మర్యాదగా నోటీసు కూడా తయారుచేసి పంపింది. 'మా క్లయింటు భీమయ్య' అని మొదలుపెట్టింది. డ్రమ్ము చూడటానికి మంగళవారం ప్రభుత్వ తనిఖీ మనిషి వస్తాడని కూడా అందులోనే రాసింది. ఎంత తెలివి! దొంగకి తాళం చెవి ఇచ్చి ఇంటి దారి కూడా చెప్పినట్టయింది.

తెల్లారేసరికి భీమయ్య సంచి వాళ్లుండే కేబిన్ బయట మట్టిలో పడి ఉంది. తోటలో అడుగుపెడితే పోలీసుల్ని పిలుస్తానన్నాడు కోటేశ్వరరావు. ఆ తర్వాత గోంగూర పచ్చడి సీసా పట్టుకుని నవ్వుతూ వ్యాను దగ్గరికొచ్చాడు.

"మన పిల్లవే కదమ్మా! వెస్ట్‌మీడ్‌లో మీ నాన్నగారి పక్కన కూర్చుని భోంచేశాను. మనవాళ్ల పరువు తెల్లవాళ్ల ముందు తీస్తావా?"

"పరువు కాదు అంకుల్, that drum is poison. సుమక్క ఇంకా లేవలేదు."

"డ్రమ్మేదమ్మా? సోమవారం పాతసామాను అంతా క్రషర్‌కి పోయి తుక్కవుతుంది. కొత్త స్టీలు డ్రమ్ము వస్తుంది. మంగళవారం ఎవరొచ్చి చూసుకున్నా నాకేం భయం లేదు."

సీసా అక్కడే పెట్టి వెళ్లాడు. జెన్సీ దాన్ని తాకలేదు. అతని మీదకంటే తన గుండ్రటి చేతిరాత మీద ఎక్కువ అసహ్యం వేసింది.

ఆదివారం మధ్యాహ్నం కోతవాళ్ల కేబిన్లున్న కేరవాన్ పార్కులో, బట్టలుతికే షెడ్డులో అందరూ చేరారు. జెన్సీ తలవంచుకుని నిలబడింది.

"చెల్లె, నువ్వు మంచిదానివే," అన్నాడు భీమయ్య. "గని ఒక్కని పేరు రాసినవ్. ఒక్కడు దొరికిండు, ఒక్కన్ని పీకిండు. నీ కాగితంల గడి ఒక్కటే ఉంటే మేం గూడ ఒక్కొక్కలమే కావాల్నా?"

"Sorry అన్నా. తప్పు నాదే."

"మీ తప్పులొప్పులు తర్వాత," అంది లాస్య అనే విద్యార్థిని. "నోరెత్తితే నా వీసా పోద్ది. రెండు వారాల్లో నలభై ఎనిమిది గంటల పని దాటానని వీసా ఆఫీసుకి మెయిల్ పెడతానంటున్నాడు."

జెన్సీ తలెత్తింది. "ఆ లిమిట్ యూని క్లాసులు నడిచేటప్పుడే. సెలవుల్లో ఎన్ని గంటలైనా చేయొచ్చు. He lied to you. అందరికీ."

ఎవరో కోటేశ్వరరావు పుట్టుకని తిట్టారు. రెండు నెలలుగా ఇరవైముగ్గురిని ఒక్క అబద్ధంతో కట్టేశాడు! లాస్య కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

గోడకానుకుని కూర్చున్న సుమ గొంతు సన్నగా వినిపించింది. "కాగితాలు వద్దు. డ్రమ్ము కావాలె. అది పోతే నేను ఎండదెబ్బకు పడ్డట్టే రాస్తరు."

సోమవారం పది గంటలకి స్మోకో గంట కొట్టారు, టీ తాగే విరామం. ఎవరూ టీకి పోలేదు. అందరూ డ్రమ్ము చుట్టూ కూర్చున్నారు. తోటలోకి రాకూడని భీమయ్య అందరికంటే ముందు కూర్చున్నాడు. జెన్సీ అతని పక్కన కూర్చుంది.

లారీ వచ్చి ఆగింది. కోటేశ్వరరావు ఊగిపోయాడు.

"లెగండి! తోట ఆస్తిని పట్టుకుని కూర్చుంటారా? జెన్సీ, లా చదువుతున్నావుగా, నువ్వైనా చెప్పు వీళ్లకి!"

జెన్సీ లేచి కుళాయి తిప్పింది. గ్లాసు నింపి రెండు చేతులతో అతనికి అందించింది.

"తాగండి అంకుల్."

"నాకు... నాకు దాహం లేదు."

"మీ చలివేంద్రమే కదా. ఒక్క గుక్క."

సుమ తన గ్లాసు నింపింది. తర్వాత లాస్య. ఒక్కొక్కరే లేచి నింపుకున్నారు. ఇరవైమూడు గ్లాసులు అతని ముఖం ముందుకి వచ్చాయి. "తాగు సార్! తాగు!" కోటేశ్వరరావు వెనక్కి వెనక్కి నడిచి లారీకి గుద్దుకున్నాడు. నుదుటి మీది బొట్టు చెమటకి కారి ముక్కు మీదికొచ్చింది. చేయి మాత్రం చాపలేదు.

లారీ డ్రైవరు ఇంజను ఆపేశాడు.

హెలెనా ఫోను చేసింది. వెంటనే వచ్చేయమంది. నువ్వు సలహా ఇచ్చేదానివి, గొడవలో మనిషివి కావంది. రేపు లాయరుగా పేరు నమోదు చేసుకునేటప్పుడు ఇదంతా అడ్డొస్తుందని హెచ్చరించింది.

"తెలుసు హెలెనా," అంది జెన్సీ. "But I'm staying. డ్రమ్ము ఇక్కడుంది."

పోలీసులొచ్చారు. గ్లాసులో నీళ్లేమిటని అడగలేదు. భీమయ్య పేరు అడిగారు. అక్రమంగా తోటలో చొరబడ్డాడని రెక్క పట్టుకుని కారెక్కించారు. విషం పోసినవాడు పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"కూసోండ్రి! లేవకుండ్రి!" కారు అద్దంలోంచి అరిచాడు భీమయ్య. "రేపటిదాక డ్రమ్ము కదలొద్దు!"

సుమ ఏడవలేదు. భర్త లేచిన చోటికి జరిగి కూర్చుంది. జెన్సీ ఫారం తీసి పేరు గడి మీద అడ్డంగా గీత కొట్టి, కాగితం వెనక్కి తిప్పి సుమకి ఇచ్చింది. ఒక్కొక్కరూ తమ పేరు రాస్తుంటే కాగితం చేతులు మారుతూ తిరిగింది. చివరి పేరు జెన్సీది.

రోడ్డవతల నారింజ తోట. అందులో కోతకొచ్చిన వనువాటు దీవుల ఆడవాళ్లు పొద్దుట్నించీ కంచె దగ్గర నిలబడి చూస్తున్నారు. వాళ్లలో నలుగురు లోపలికి వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు కుళాయి బిగించిన ఓ నీలం డ్రమ్ముని దొర్లించుకుంటూ వచ్చారు. తారు రోడ్డు దాటించి సుమ పక్కన నిలబెట్టి, తామూ కూర్చున్నారు.

దాని మీది కాగితం కూడా గీకేసి ఉంది.